మొదటి రోజు ముందుగానే ఆగండి

సైకిలు మీద దేశం దాటాలని కలగనేవాళ్లు నాకు తరచూ కలుస్తుంటారు. శ్రీలంక తీరం వెంట తిరగాలని ఒకరికి, వియత్నాం ఆ కొస నుంచి ఈ కొసకు తొక్కాలని ఒకరికి, నేపాల్ కొండలెక్కాలని ఇంకొకరికి కోరిక. వాళ్ల దగ్గర మ్యాపు ఉంటుంది, ఖర్చుల లెక్క ఉంటుంది, కొనాల్సిన సామాన్ల జాబితా ఉంటుంది. "మొదటి రోజు ఏం చేస్తారు?" అని అడిగితే మాత్రం దాదాపు అందరూ ఒకటే చెబుతారు: "వీలైనంత దూరం తొక్కేస్తాం."

ఈ అధ్యాయం రాసింది ఆ జవాబును మార్చడానికే. వారాల తరబడి సాగే సైకిలు యాత్రలో మొదటి రోజుకు వేరే పని ఉంది. సైకిలుకు బరువు అలవాటు కావాలి. ఒంటికి సైకిలు అలవాటు కావాలి. మనసుకు ఇల్లు వదిలిన సంగతి అలవాటు కావాలి. కొత్తగా కాడి కట్టిన కోడెతో ఏ రైతూ మొదటి రోజే చేనంతా దున్నించడు. నాలుగు సాళ్లు తిప్పి, మెడ తడిమి చూసి, విప్పేస్తాడు. మర్నాడు ఆ కోడె తానే కాడి కిందికి వస్తుంది. మీ మొదటి రోజుకు కూడా అదే కొలత. రెండో రోజు పొద్దున మీరు ఇష్టంగా సీటెక్కితే మొదటి రోజు బాగా జరిగినట్టే.

ఒక సూత్రం గుర్తుంచుకోండి: ఒంట్లో ఇంకా సత్తువ ఉండగానే, పొద్దు ఇంకా మిగిలి ఉండగానే ఆగాలి.

పాతవాళ్ల మొదటి మజిలీ

ఇది కొత్త తెలివేమీ కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరారు. హైదరాబాదు చేరి, అక్కడి నుంచి ఉత్తరానికి గోదావరి దాటి, నాగపూర్ మీదుగా సాగిన ఆ ప్రయాణం ముగించుకుని ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. అంత పెద్ద యాత్రకు ఆయన మొదటి మజిలీ మద్రాసును ఆనుకుని ఉన్న మాధవరం. ఏదైనా మరిచిపోతే ఇంటికి మనిషిని పంపి తెప్పించుకోగలిగేంత దగ్గర. ఆ తర్వాత మజిలీ మజిలీకీ నీళ్ల వసతి ఎలా ఉంది, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ వెళ్లారు. ఆ రాతే మన భాషలో గొప్ప యాత్రాగ్రంథమైంది.

మన ఇళ్లలో ప్రస్థానం ఉంచే ఆచారం కూడా ఇలాంటిదే. మంచి ఘడియలో ఇల్లు దాటి, మూటాముల్లె దగ్గర్లోని ఇంకో ఇంట్లో పెట్టి, వీలు చూసుకుని అసలు దారి పట్టేవారు. ముహూర్తం సంగతి ఎవరి నమ్మకం వారిది. అందులో దాగిన ప్రయోజనం మాత్రం ప్రతి ప్రయాణికుడికీ పనికొస్తుంది. బయలుదేరడం వేరు, దూరం వెళ్లడం వేరు. రెండింటినీ ఒకే రోజు నెత్తిన వేసుకోనక్కరలేదు.

1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచాన్ని సైకిళ్ల మీద చుట్టి రావడానికి కదిలారు. చివరి దాకా నిలిచినవాళ్లు ముగ్గురు: ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా. వాళ్లు తిరిగొచ్చింది 1928లో. నాలుగేళ్లకు పైబడిన ప్రయాణంలో ఏ ఒక్క రోజు ఎంత తొక్కారన్నది పెద్ద విషయం కాదు. ప్రతి పొద్దునా మళ్లీ తొక్కగలిగారన్నదే విషయం.

ముందు మన జిల్లాల్లో

విదేశంలో మొదటి రోజు ఎలా గడపాలో నేర్చుకోవడానికి విమానం ఎక్కాల్సిన పని లేదు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ మీదుగా పెన్‌గంగ దాకా తొక్కి చూడండి. మానేరు ఒడ్డున మొదలై, గోదావరి దాటి, అడవిలోంచి ఎక్కి, నల్లరేగడి పత్తి చేల మధ్య నుంచి మహారాష్ట్ర సరిహద్దుకు చేరే దారి ఇది. ఎండ, ఎత్తు, లారీలు, మారే భాష అన్నీ ఇందులో ఉన్నాయి. ఏదైనా తేడా వస్తే ఇంటికి బస్సు దొరుకుతుంది. అందుకే దీన్ని రిహార్సల్‌గా ఎంచుకోమంటాను.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వేసవిలో ఈ ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, అప్పుడు వద్దు. చలికాలంలో ఆదిలాబాద్ వైపు రాష్ట్రంలోనే గట్టి చలి ఉంటుంది. తెల్లవారుజామున చేతులకు గ్లౌజులు, చెవులకు మఫ్లరు కావాలి. గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది కాబట్టి ఉత్తరానికి వెళ్లే మీకు కొంత ఎదురుగాలి తప్పదు. మొదటి రోజు దూరం తక్కువ పెట్టుకోమనడానికి ఇదొక కారణం.

ఆ మొదటి మజిలీ జగిత్యాల. కరీంనగర్ నుంచి జాతీయ రహదారి 563 మీద సుమారు యాభై కిలోమీటర్లు. చాలామందికి ధర్మపురి దాకా వెళ్లి, సాయంత్రానికి గోదావరి చూడాలనిపిస్తుంది. అది మరో ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. గోదావరి రెండో రోజు పొద్దున కూడా అక్కడే ఉంటుంది. జగిత్యాలలో ఆగండి.

ముందు రోజు సాయంత్రం చేయాల్సిన పనులు

బయలుదేరే పొద్దున సర్దుకుంటే సగం మరిచిపోతారు. అన్నీ ముందు రోజే పూర్తి చేయండి.

సీటు ఎత్తు: సైకిలు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ కిందికి దిగినప్పుడు మోకాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు దించేసి తొక్కితే మొదట మోకాళ్లు బాధపడతాయి.

వాల్వు: మన పాత హీరో, అట్లాస్ సైకిళ్ల వాల్వు ఒక రకం. చాలా గేర్ల సైకిళ్లకు మోటారుసైకిలుకు ఉండేలాంటి లావు వాల్వు ఉంటుంది. దానికి ఏ పంక్చరు షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. కొన్నిటికి సన్నగా, పైన చిన్న మర ఉండే ప్రెస్టా వాల్వు ఉంటుంది. దానికి షాపు గొట్టం పట్టదు. మీది ప్రెస్టా అయితే చిన్న ఇత్తడి అడాప్టరు వెంట ఉంచుకోండి. జేబులో పట్టే ఆ వస్తువు లేక పూట పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ట్యూబులు: 26 అంగుళాల ట్యూబు చిన్న పట్నాల్లో కూడా దొరికే అవకాశం ఉంది. 700 సైజు ట్యూబు పెద్ద ఊళ్లు దాటితే కష్టం. మీ సైజువి రెండు తప్పక తీసుకెళ్లండి. పంక్చరు ప్యాచీలు, టైరు ఊడదీసే లివర్లు, పంపు, అలెన్ కీలు, క్యారియరుకు సరిపడే రెండు మూడు బోల్టులు, ప్లాస్టిక్ ట్యాగులు, కాస్త చైను ఆయిలు చాలు. ఐర్లండు రచయిత్రి డెర్వ్లా మర్ఫీ 1963లో ఒంటరిగా సైకిలు మీద ఐరోపా నుంచి మన దేశానికి వచ్చారు. బయలుదేరే ముందు ఆమె తన సైకిలు గేర్లను తీయించేశారు. ఆసియా దారుల్లో ఆ సున్నితమైన సరంజామా నిలవదని ఆమె ఆలోచన. మీరు గేర్లు తీయక్కరలేదు, కానీ దారిలో బాగుచేయించుకోలేని ప్రతి వస్తువు గురించీ ఆమెలాగే ఒకసారి ఆలోచించండి.

బరువు: సామానంతా నేల మీద పరచండి. రోజూ వాడేవి ఒక కుప్ప, చెడిపోతే వాడేవి రెండో కుప్ప, "ఎందుకైనా మంచిది" అనుకున్నవి మూడో కుప్ప. మూడో కుప్పను ఇంట్లో వదిలేయండి. ఈ దారిలో లాడ్జీలు, గుడి సత్రాలు ఉన్నాయి కాబట్టి టెంటు అవసరం లేదు. బరువైనవి కింద, చక్రానికి దగ్గరగా ఉండాలి. రెండు వైపుల సంచులూ ఇంచుమించు ఒకే తూకం ఉండాలి. ఒకవైపు మొగ్గితే చేతులు రోజంతా సైకిలుతో కుస్తీ పడతాయి.

సర్దడం పూర్తయ్యాక నిండు బరువుతో వీధిలో ఒక చుట్టు తొక్కండి. బ్రేకు వేసి చూడండి. ఖాళీ సైకిలు ఆగినంత త్వరగా బరువున్న సైకిలు ఆగదు. ఆ తేడా చేతులకు తెలియాల్సింది మీ వీధిలో, లారీ ముందు కాదు.

మొదటి గంట

పొద్దు పొడవగానే బయలుదేరండి. పట్నం వాహనాలతో నిండకముందే జగిత్యాల దారిలోని కొత్తపల్లి దాటేయాలి. మొదటి గంటంతా మీకు చాలా నెమ్మది అనిపించే వేగంతో తొక్కండి. తేలిక గేరులో, కాళ్లు గిరగిర తిరిగేలా ఉండాలి. పక్కన మనిషి ఉంటే ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. బయలుదేరిన ఉత్సాహంలో కాళ్లు పరుగెత్తాలని చూస్తాయి. ఆ ఉత్సాహాన్ని మధ్యాహ్నానికి దాచుకోండి.

రెండు వందల కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లోపు పూర్తి చేసే బ్రెవేలు తొక్కిన అనుభవం కొందరికి ఉంటుంది. ఆ క్రమశిక్షణ గొప్పది. అయితే బ్రెవే ముగియగానే మంచమెక్కవచ్చు. యాత్రలో మర్నాడు పొద్దున మళ్లీ తొక్కాలి, ఎల్లుండి కూడా తొక్కాలి. ఆ లెక్క వేరు.

కొత్తపల్లి దాటిన తర్వాత, ఎంత బాగా సాగుతున్నా సరే, ఒకసారి ఆగండి. క్యారియరు బోల్టులన్నీ అలెన్ కీతో బిగించి చూడండి. కొత్తగా బరువు మోసిన బోల్టులు మొదటి కొద్ది కిలోమీటర్లలోనే సడలుతాయి. సంచి చక్రానికి తగులుతోందా, పట్టీ చైను దగ్గర వేలాడుతోందా చూడండి. ఐదు నిమిషాల పని. మొదటి రోజు చేయాల్సిన పనుల్లో ఇంతకంటే విలువైనది ఇంకోటి లేదు.

రోడ్డు మీద ఏం చూడాలి

దారిలో వచ్చే గంగాధర చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలున్నాయి. బండరాళ్లు మోసే లారీలు ఎదురవుతాయి. బరువు లారీ దాటిపోయేటప్పుడు దాని గాలి మొదట మిమ్మల్ని పక్కకు నెడుతుంది, దాటగానే లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా బిగబట్టకుండా, మోచేతులు కాస్త వంచి పట్టుకుంటే ఆ ఊపు సైకిలుకు అంత తగలదు. వెనక ఏముందో చూపే చిన్న అద్దం పెట్టించుకోండి. పగలైనా వెనక ఎర్ర లైటు వెలిగించండి.

కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు, మక్కలు ఆరబోస్తారు. కుప్ప చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రి పరదా కప్పుతారు. వడ్ల మీదికి చక్రం ఎక్కితే జారుతుంది, పైగా అది ఒక కుటుంబం ఆరు నెలల కష్టం. దూరం నుంచే చూసి, వెనక బండి లేదని నిర్ధారించుకుని, చేయి చాచి సైగ చేసి, కుప్పను వదిలి పక్కకు రండి. చీకటి పడ్డాక ఆ రాళ్లు కనబడవు. అందుకే సాయంత్రం నాలుగు తర్వాత తొక్కవద్దంటాను.

నీళ్లు, తిండి

దూప వేశాక తాగడం ఆలస్యమే. పదిహేను ఇరవై నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగండి. చెమట బాగా పడుతుంటే ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకోండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే పోయాలి, చిక్కగా కలిపితే మేలు చేయదు. మూత్రం ముదురు పసుపులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం.

గంటకోసారి ఏదో ఒకటి తినండి: అరటిపండు, పల్లిపట్టీ, గుప్పెడు అటుకులు, ఉడికించిన గుడ్డు. ఇంట్లో సర్వపిండి చేసి ఇస్తే సద్దిలో కట్టుకోండి, అది దారికి చక్కగా నిలుస్తుంది. గంగాధర దగ్గర టిఫిను చేయండి. మిర్చిబజ్జీలు సాయంత్రానికి ఉంచుకోండి, తొక్కే కడుపుకు నూనె భారం.

ప్యాడున్న షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకో బట్ట వద్దు. ఒరుసుకునే చోట వాజిలైన్ రాసుకోండి. మొదటి రోజు వచ్చే పుండు వారమంతా వేధిస్తుంది. చేతులు తిమ్మిరెక్కకుండా పట్టు మారుస్తూ ఉండండి.

మాట కలిపే నేర్పు

సామాను కట్టిన సైకిలు టీ హోటలు ముందు ఆగితే ఎవరో ఒకరు అడుగుతారు: "ఏ ఊరే మీది? గింత సామానేసుకొని ఏడికి వోతున్రు?" ఆ ప్రశ్నను సంతోషంగా అందుకోండి. సమాధానం రెండు మాటల్లో చెప్పి, మీరూ ఒకటి అడగండి: "ముందట తొవ్వ ఎట్లుందన్నా? మంచినీళ్లు ఏడ దొరుకుతయి?" పోయిన వారం వర్షానికి ఎక్కడ రోడ్డు కోసుకుపోయిందో, ఏ కల్వర్టు దగ్గర పని జరుగుతోందో ఫోను మ్యాపుకు తెలియకపోవచ్చు. ఆ హోటలులో కూర్చున్న పెద్దమనిషికి తెలుస్తుంది.

ఈ మాట కలపడం మొదటి రోజు నుంచే సాధన చేయాలి. మన భాషలో సిగ్గుపడి నోరు తెరవనివాళ్లు హనోయిలో సైగలతో అడగగలరా? తెలుగులోనే ఆ బెరుకు పోగొట్టుకోండి. భాష రానిచోట మీకు మిగిలే ఆసరా నవ్వు, నమస్కారం, ఓపిక. అవి ఇక్కడే అలవాటవుతాయి.

ఒక హద్దు పెట్టుకోండి. ఆ రాత్రి ఎక్కడ దిగుతున్నారో, ఒంటరిగా ఉన్నారో లేదో ప్రతి ఒక్కరికీ చెప్పనక్కరలేదు. ముఖ్యంగా ఒంటరిగా తొక్కే మహిళలు బస ముందే ఫోనులో ఖాయం చేసుకుని, వెలుగుండగానే చేరేలా చూసుకోవాలి.

దిగులు వేసే వేళ

కొండగట్టు సమీపిస్తున్నప్పుడు, ఎండ నెత్తికెక్కే వేళ, చాలామందికి ఒక దిగులు మొదలవుతుంది. "నేనెందుకు బయలుదేరాను? ఇల్లు ముప్పై అయిదు కిలోమీటర్ల వెనకే ఉంది. తిరిగిపోతే ఏం?" ఇది పిరికితనం కాదు. ఒంట్లో చక్కెర తగ్గినప్పుడు, వేడెక్కినప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మొదటిసారి దూరదేశం వెళ్లిన ప్రతి మనిషీ ఆ మధ్యాహ్నాన్ని చూసినవాడే.

దీనికి ఒక నియమం చెబుతాను, రాసి పెట్టుకోండి. ఆకలి మీద, ఎండలో, అలసటలో తిరిగిపోయే నిర్ణయం తీసుకోవద్దు. నీడకు చేరండి. తినండి, తాగండి, అరగంట నడుం వాల్చండి. ఆ తర్వాత కూడా తిరిగిపోవాలనిపిస్తే రాత్రి నిద్రపోయి పొద్దున నిర్ణయించుకోండి. చాలాసార్లు పొద్దునకి ఆ ప్రశ్నే మిగలదు.

ఒంటి హెచ్చరికలు మాత్రం వేరు. మోకాలిలో పొడిచినట్టు నొప్పి, గుండెలో బరువు, కళ్లు తిరగడం, ఎండలో ఉండి కూడా చెమట ఆగిపోవడం వంటివి కనిపిస్తే అప్పటికప్పుడు ఆగి సాయం అడగండి. అలాంటప్పుడు పట్టుదల చూపించడం తెలివి కాదు.

కొండగట్టు ఆంజనేయస్వామిని దర్శించుకోవాలనుకుంటే సైకిలును, సామానును కింద నమ్మకమైన చోట ఉంచి వేరే బండిలో వెళ్లండి. మొదటి రోజే నిండు బరువుతో గుట్ట ఎక్కడం కాళ్లకు అనవసరమైన పరీక్ష.

ఆగాక చేయాల్సినవి

ఒంటిగంట, రెండు గంటలకల్లా జగిత్యాల చేరతారు. "ఇంకా పొద్దుంది, కాళ్లలో బలముంది, ధర్మపురి పోదామా?" అని మనసు అడుగుతుంది. ఆ బలం మిగలాలనే ఇంత జాగ్రత్త పడ్డారు. మిగిలిన పొద్దుతో ఈ పనులు చేయండి.

మొదట సైకిలు: చైను తుడిచి ఒక్కో లింకుకు చుక్క ఆయిలు వేయండి. టైర్లలో ముళ్లు, గాజుపెంకులు గుచ్చుకున్నాయేమో వేలితో తడిమి తీయండి. తుమ్మముల్లు నెమ్మదిగా గాలి తీస్తుంది, రాత్రి చూసుకోకపోతే పొద్దున చదునుగా ఉన్న టైరు కనిపిస్తుంది.

తర్వాత ఒళ్లు: స్నానం చేయండి, తొక్కిన బట్టలు ఉతికి ఆరేయండి, కడుపునిండా అన్నం తినండి. ఒక గంట పడుకుని లేచి, ఊళ్లో నెమ్మదిగా నడవండి. పద్దెనిమిదో శతాబ్దపు నక్షత్రాకారపు కోట ఉంది, చూడండి. నడిస్తే కాళ్లు బిగుసుకుపోవు. కొత్త ఊరిని కళ్లతో చూసే తీరిక దొరుకుతుంది. యాత్రకు వచ్చింది అందుకే కదా.

చివర ఇల్లు: రోజూ ఒకే సమయానికి ఫోను చేస్తానని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. గంటగంటకూ కబురు పెడతానంటే ఒకసారి సిగ్నల్ అందకపోయినా ఇంట్లోవాళ్లు కంగారు పడతారు.

పడుకునే ముందు నోటుబుక్కులో మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈరోజు సంచిలోంచి అసలు బయటికి తీయని వస్తువు ఏది? ఒంట్లో ఎక్కడ నొప్పి పెట్టింది, ఏ సమయంలో? రేపు ఏ ఒక్కటి మారుస్తాను? మొదటి ప్రశ్న జవాబును బట్టి కొన్ని వస్తువులు పార్సిల్‌లో ఇంటికి పంపండి. రెండో జవాబును బట్టి సీటును కొద్దిగా, మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే, సరిచేయండి. మూడోదాన్ని పొద్దున అమలు చేయండి.

మిగిలిన దారి

ఆ తర్వాతి రోజులు ఈ పునాది మీదే నడుస్తాయి. ధర్మపురిలో నరసింహస్వామి గుడి, గోదావరి. రాయపట్నం వంతెన దాటి లక్సెట్టిపేట, అక్కడి నుంచి జన్నారం. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి అక్కడ మొదలవుతుంది. అడవి దారిలో పొద్దు గూకాక తొక్కకూడదు. డిసెంబరులో అయిదున్నర దాటితే చీకటి కమ్ముకుంటుంది కాబట్టి బస చాలా ముందే చేరాలి. ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూరు మీదుగా జాతీయ రహదారి 44 ఎక్కి ఆదిలాబాద్ చేరతారు. దిగుడు వచ్చినచోట బ్రేకును అదేపనిగా నొక్కి పట్టవద్దు. రెండు బ్రేకులూ కలిపి నొక్కుతూ, వదులుతూ దిగండి. నిండు బరువుతో రిమ్ములు బాగా వేడెక్కుతాయి.

ఈ నేల మీద దీర్ఘ ప్రయాణ క్రమశిక్షణ తరతరాలుగా ఉంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. దానికి ముందు మెస్రం వంశీయులు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా వెళ్లి, గోదావరి జలం తెచ్చి అభిషేకిస్తారు. దారిలో మజిలీలు చేస్తూ, కలిసి వండుకుని తింటూ, కలిసి కదులుతారు. వాళ్ల నడకలో తొందర లేదు, ఆలస్యమూ లేదు. ఆ దారి దాటేటప్పుడు ఈ సంగతి తలుచుకోండి.

ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన మీదికి వచ్చేసరికి బోర్డుల మీద మరాఠీ కనబడుతుంది. ఇక్కడి పల్లెల్లో గోండీ, కొలామీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు కలిసి వినబడతాయి. తెలియని భాషలో అన్నం, నీళ్లు, దారి అడిగి తెచ్చుకోగలిగారంటే విదేశానికి సిద్ధమైనట్టే.

విదేశంలో అదే సూత్రం

విమానం దిగిన రోజు అసలు తొక్కవద్దు. ఆ రోజుకు పని వేరే ఉంది. పెట్టెలోంచి సైకిలు తీసి బిగించాలి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, కుడివైపుదానిలా బిగిస్తే మర చెడిపోతుంది. హ్యాండిల్ నిటారుగా ఉందా, బ్రేకులు పడుతున్నాయా, చక్రం నిక్కచ్చిగా తిరుగుతోందా చూసి, బస చుట్టూ ఒక చుట్టు తొక్కండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉంచాలని ఎక్కేటప్పుడే గుర్తుంచుకోండి.

శ్రీలంక, నేపాల్, థాయిలాండ్, మలేసియాల్లో మనలాగే ఎడమవైపు నడుస్తారు. వియత్నాం, లావోస్, కంబోడియాలో, గల్ఫ్ దేశాల్లో కుడివైపు. కుడివైపు దేశంలో పొరపాటు జరిగేది రద్దీలో కంటే ఖాళీ రోడ్డు మీద, టీ తాగి మళ్లీ ఎక్కిన క్షణంలో. హ్యాండిల్ మీద రంగు టేపుతో బాణం గుర్తు అతికించుకోండి. మొదటి మూడు రోజులు ప్రతిసారీ ఎక్కే ముందు దాన్ని చూసి కదలండి.

మరొక గొప్ప సలహాదారు మీ పక్కింట్లోనే ఉండవచ్చు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ పల్లెల్లో గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు ఎందరో. చదువు తక్కువైనా, భాష రాకున్నా పరాయి దేశంలో మొదటి రోజును గట్టెక్కించినవాళ్లు వాళ్లు. పాస్‌పోర్టు నకళ్లు ఎక్కడ దాచారు, సిమ్ ఎలా కొన్నారు, డబ్బు ఎన్ని చోట్ల పెట్టుకున్నారు, ఆపద వస్తే ఎవరికి ఫోను చేశారు అని అడగండి. "మొదటి రోజు ఎట్ల గడిచింది కాకా?" అని కూర్చుంటే ఏ గైడు పుస్తకంలోనూ దొరకని సంగతులు చెబుతారు.

ఈ వారం చేయండి

ఒకటి: మీ సైకిలు వాల్వు, ట్యూబు సైజు చూసి రాసుకోండి, దానికి తగిన విడిభాగాలు కొనండి. రెండు: సామాన్లు మూడు కుప్పలు పెట్టి, మూడోదాన్ని తీసేయండి. మూడు: నిండు బరువుతో ఇరవై కిలోమీటర్లు తొక్కి బోల్టులు తిరిగి బిగించండి. నాలుగు: గల్ఫ్ వెళ్లొచ్చిన ఒకరితో గంట మాట్లాడండి. అయిదు: కరీంనగర్ నుంచి జగిత్యాలకు తేదీ వేసి, అక్కడి బసకు ఫోను చేసి గది చెప్పి ఉంచండి.

గది ముందే చెప్పి పెట్టుకున్నారు కాబట్టి, ఆ మధ్యాహ్నం కాళ్లు ఇంకా ముందుకు పోదామన్నా మీరు ఆగుతారు. అలా ఒకసారి ఆగగలిగినవాళ్లకు పెన్‌గంగ అవతలి దారి మీద, ఆ తర్వాత ఏ దేశపు దారి మీదైనా, రోజుకింతని కొలుచుకుని తొక్కడం చేతనవుతుంది.